పడవ అడుగు – పూత చరిత్ర

పడవను గూర్చి మాటాడేటప్పుడు మనము తెరచాపను, చుక్కానిని, తెడ్డును తలచుకొంటాము. అడుగును తలచుకొనేవారు తక్కువ. అది నీటిలో ఉన్నంతకాలము కంటికి కనబడదు. ఒడ్డెక్కిన తరువాత చూడబోతే చూడ ముచ్చటైన వస్తువూ కాదు. అయినా సముద్రము మీద బ్రతికేవారి ఆయువు, ఆదాయము రెండూ ఆ కనబడని భాగము మీదనే ఆధారపడి ఉన్నవి. పడవ అడుగును కాపాడుకోవడానికి మనిషి పడిన పాట్ల చరిత్ర చాల పొడవైనది. అందులో కొన్ని అధ్యాయములు మన తీరమున కూడ జరిగినవి. వాటిని శ్రోతలకు, పాఠకులకు మనవి చేయడము ఈ ప్రసంగములో మా ఉద్దేశ్యము.

తెనాలి, బాపట్ల, రేపల్లె – ఈ మూడు ఊళ్ళను గీతలతో కలిపితే పటము మీద ఒక చిన్న ముక్కోణము ఏర్పడుతుంది. ఇంత చిన్న ప్రదేశములోనే పడవలకు మూడు విధములైన నీరు దొరుకుతున్నది. తెనాలిలో పారేది కృష్ణ కాలువల మంచినీరు. బాపట్లకు దిగువన సూర్యలంక వద్ద ఉన్నది అలలు నేరుగా ఇసుక మీదికి వచ్చి విరిగే ఉప్పునీరు. రేపల్లెకు దిగువన నిజాంపట్నము వద్ద ఉన్నది ఆటుపోట్లకు లోబడి, మడ అడవుల మధ్య నిలిచి, ఒకప్పుడు ఉప్పగాను మరొకప్పుడు చప్పగాను మారే ఉప్పుటేటి నీరు. ఈ మూడు నీళ్ళలో పడవ అడుగునకు వచ్చే చేటు ఒకటి కాదు. కాబట్టి దానికి చేయవలసిన చికిత్సయు ఒకటి కాదు. ఈ సంగతిని మొదటనే గుర్తుంచుకొంటే తరువాతి కథ సులభముగా బోధపడుతుంది.

సముద్రములో పడవ అడుగునకు శత్రువులు ముఖ్యముగా ఇద్దరు. మొదటిది కఱ్ఱను తొలిచే ఓడపురుగు. పేరుకు పురుగే గాని నిజానికి అది ఆల్చిప్పల జాతికి చెందిన జీవి. పిల్లగా ఉన్నప్పుడు గుండుసూది తలంత రంధ్రము చేసుకొని బల్లలో ప్రవేశిస్తుంది. లోపలనే పెరిగి, బల్ల పొడవునా సొరంగములు తొలుస్తుంది. పైకి చూస్తే బల్ల చక్కగానే ఉంటుంది. వ్రేలితో నొక్కితే కూలిపోతుంది. రెండవ శత్రువు కఱ్ఱను తినదు, అంటుకొని కూర్చుంటుంది. గుల్లలు, నాచు, సముద్రపు గడ్డి ఈ కోవలోనివి. సున్నపు కవచము గల గుల్ల ఒకసారి అతుక్కొంటే తిరిగి తనంత తాను ఊడి రాదు. అడుగంతా గుల్లలు పట్టిన పడవ నున్నగా జారడము మాని నీటిని ఈడ్చుకొంటూ పోతుంది. గుల్లలు బాగుగా పేరుకొన్న ఓడకు ఇంధనపు ఖర్చు నూటికి నలుబది వంతుల వరకు పెరుగగలదని నౌకాశాస్త్రజ్ఞులు లెక్క కట్టినారు. ఈ శత్రువులలో ముఖ్యులైన ఓడపురుగు, గుల్ల – రెండింటికీ ఉప్పునీరే ప్రాణము. మంచినీటిలో అవి బ్రతుకజాలవు. అందుకనే పూర్వకాలపు నావికులు తమ ఓడలను నదీముఖములలోనికి తెచ్చి కొంతకాలము నిలిపి ఉంచడము అనేక దేశములలో ఆచారముగా ఉండేది.

మన తీరపు సముద్ర వ్యాపారమునకు చాల పాత సాక్ష్యములు ఉన్నవి. శాతవాహనుల నాణెములలో రెండు కొయ్యల ఓడ బొమ్మ గలవి దొరికినవి. తరువాతి కాలమున ఈ ప్రాంతమునకు పేరు తెచ్చిన రేవు మోటుపల్లి. అది నేటి బాపట్ల జిల్లాలో చినగంజాము మండలమున ఉన్నది. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి 1244 ప్రాంతమున అక్కడ వేయించిన అభయశాసనము చరిత్రకారులందరకు సుపరిచితమైనది. గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరకును పూర్వపు రాజులు బలాత్కారముగా తీసికొనేవారనియు, తాము అట్లు చేయక, న్యాయమైన సుంకము మాత్రమే గ్రహిస్తామనియు ఆ శాసనములో చక్రవర్తి ప్రకటించినాడు. సుంకము ముప్పదింట ఒక వంతు. ప్రాణముకంటె ధనమే ఎక్కువ అన్నట్లు సాహసించి సముద్రయానము చేసే వర్తకుల మీద దయతో ఈ అభయము ఇచ్చినట్లు అందులో ఉన్నది. 1358లో రెడ్డిరాజు అనవోతారెడ్డి కూడ అక్కడనే వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ శాసనము వేయించినాడు. ఓడలు పగిలి ఒడ్డుకు కొట్టుకొనిరావడము ఎంత తరచుగా జరిగేదో ఈ రాజాజ్ఞలను బట్టి మనము ఊహించుకోవచ్చును. గాలివాన బయటి కారణము. అడుగు బలహీనమైన ఓడ అయితే చిన్న గాలికే విరుగుతుంది.

ఆ కాలపు ఓడల అడుగు ఎట్లుండేదో తెలుసుకోవడానికి వెనిసు వర్తకుడు మార్కో పోలో వ్రాత మనకు ఉపకరిస్తుంది. పదమూడవ శతాబ్ది చివరి భాగమున మోటుపల్లి రాజ్యమును, దానిని పాలించిన రాణిని, సాలెగూడువంటి సన్నని వస్త్రములను అతడు వర్ణించినాడు. హిందూ మహాసముద్రమున తిరిగే చీనా వర్తకుల ఓడలను గూర్చియు అతడే వ్రాసినాడు. ఆ ఓడలకు కీలు పూయరట. సున్నమును, తరిగిన జనపనారను ఒక చెట్టు నూనెతో కలిపి దంచి, బంకవలె చేసి, దానిని అడుగునకు పట్టించేవారట. అంతకంటె ఆసక్తికరమైన సంగతి మరొకటి చెప్పినాడు. ఓడ ఒక సంవత్సరము తిరిగిన తరువాత మరమ్మతు అవసరమైతే పాత బల్లలను పీకివేయరు; వాటి మీదనే కొత్త బల్లల వరుస ఒకటి కొట్టి మళ్ళీ బంక పూస్తారు. ఇట్లు ఆరు వరుసల వరకు సాగుతుంది. ఆ తరువాత ఆ ఓడను సముద్రమునకు పంపరు. ఒక పొర అరిగితే దానిపై మరియొక పొర – అడుగు రక్షణలో మొదటి సూత్రము ఇది. పైపొర పోవడానికే ఉన్నది; అది పోతేనే లోపలిది నిలుస్తుంది.

ఇక మన తీరపు చిన్న పడవల సంగతి. కోరమాండల్ తీరమున అలలను దాటడానికి వాడిన మసులా పడవలకు మేకులు ఉండేవి కావు. పలకలను కొబ్బరిపీచు త్రాటితో కుట్టేవారు. అల కొట్టినప్పుడు మేకు బిగించిన పడవ పగులుతుంది. కుట్టిన పడవ వంగి సర్దుకొంటుంది. ఆ పడవలు పని అయిన వెంటనే ఇసుక మీదికి చేరేవి. ఎండలో ఆరేవి. అందువలన వాటికి గుల్లల బాధ తక్కువ. కుట్లు చీకిపోవడమే పెద్ద బాధ. కుట్లు విప్పి కొత్త త్రాటితో మళ్ళీ కుట్టడమే వాటికి ముఖ్యమైన మరమ్మతు. సూర్యలంకవంటి తీరమునకు ఈ పద్ధతి నప్పింది. కాని రేవులో నెలల తరబడి లంగరు వేసి నిలిచే ఓడకు ఇది చాలదు.

అటువంటి ఓడ ఒకటి 1611లో మన తీరమునకు వచ్చినది. దాని పేరు గ్లోబ్. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారి ఓడ అది. పెద్దపల్లె అని పేరుండి, విదేశీయుల నోట పెట్టపోలి అయిన నేటి నిజాంపట్నమునకు వచ్చి, అక్కడనుండి మచిలీపట్నమునకు వెళ్ళినది. డచ్చివారు అంతకు ఐదేండ్ల ముందే 1606లో పెట్టపోలిలో వర్తకస్థానము ఏర్పరచుకొన్నారు. రేపల్లెకు పిలుపుదూరములో ఉన్న ఈ చిన్న ఊరు తూర్పుతీరమున ఇంగ్లీషువారి తొలి వర్తకస్థానములలో ఒకటి కావడము మనము మరచిపోతున్న సంగతి. ఆ కాలపు ఇంగ్లీషు ఓడలకు అడుగున అసలు బల్లల మీద తారును, పశువుల వెంట్రుకలను దట్టించి, పైన పలుచని బల్లల తొడుగు వేసే అలవాటు ఉండేది. ఓడపురుగు ఆ తొడుగును తిని, తారు వెంట్రుకల పొరను తగిలి ఆగిపోతుందని వారి ఆశ. ఉష్ణదేశపు నీటిలో పురుగు ఉద్ధృతము ఎక్కువ. కాబట్టి తొడుగు పాడైనప్పుడల్లా దానిని తీసి మరియొకటి వేయవలసి వచ్చేది. ఇక్కడను అదే సూత్రము: పురుగునకు ఒక పొర అప్పగించి రెండవ పొరను రక్షించుకొనడము.

అటువంటి పనికి ఓడను నీటినుండి పైకి తీయగల చోటు కావలెను. అట్టి చోట్లకు మన తీరమున గోదావరి మండలము పేరుపొందినది. నరసాపురము పదిహేడవ శతాబ్దిలో ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి. తరువాత కోరంగి ఆ స్థానమును ఆక్రమించినది. కలకత్తాకు, సింహళములోని తిరుకొణమలైకి మధ్య పెద్ద ఓడల అడుగు బాగుచేయగల రేవు అదొక్కటే అని చెప్పుకొనేవారు. 1839 నవంబరులో వచ్చిన ఉప్పెన కోరంగిని ఊడ్చివేసినది. ఆ దెబ్బనుండి ఆ రేవు మళ్ళీ కోలుకోలేదు.

పదునెనిమిదవ శతాబ్దిలో ఇంగ్లీషు నౌకాదళము కఱ్ఱ తొడుగు మాని రాగిని పరీక్షించినది. 1761లో అలార్మ్ అనే యుద్ధనౌక అడుగుకంతటికి పలుచని రాగి రేకులు కొట్టినారు. రెండు సంవత్సరములు వెస్టిండీసు సముద్రములలో తిరిగి వచ్చిన తరువాత పరిశీలించగా పురుగు లేదు. గుల్లలును చాల తక్కువ. ఫలితము అద్భుతమనిపించినది. కాని రాగి తగిలిన చోట్ల ఇనుప మేకులు కరిగి ముద్దయిపోయినవి. రేకులకు చుట్టి వచ్చిన ముతక కాగితము కొన్ని చోట్ల తీయకుండ అట్లే ఉంచి కొట్టినారు. ఆ కాగితము అడ్డుపడిన చోట్ల మేకులు చెక్కుచెదరలేదు. రెండు లోహములు ఉప్పునీటిలో ఒకదానికొకటి తగిలితే వాటిలో ఒకటి తినివేయబడుతుందనే విద్యుత్ సూత్రము అప్పటికి ఎవరికిని తెలియదు. కాగితపు ముక్క దానిని నిరూపించినది. ఇనుప మేకులకు బదులు రాగి మిశ్రమపు మేకులు వాడుకలోనికి వచ్చిన తరువాత రాగి తొడుగు యుద్ధనౌకలన్నిటికి వ్యాపించినది.

అయితే రాగి తొడుగు కూడ క్రమముగా అరిగిపోయేది. ఖర్చు చాల ఎక్కువ. ఈ నష్టమును ఆపే ఉపాయము చెప్పవలసినదిగా సుప్రసిద్ధ రసాయనవేత్త సర్ హంఫ్రీ డేవీని కోరినారు. ఆయన 1824లో ఒక చక్కని ఉపాయము కనిపెట్టినాడు. రాగి రేకులకు చిన్న ఇనుప ముక్కను గాని తుత్తునాగపు ముక్కను గాని తగిలిస్తే ఆ ముక్క కరుగుతుంది, రాగి కరుగదు. కొచ్చిన్‌లో మన టేకుతో నిర్మించి 1822లో నీటిలోనికి దింపిన సమరాంగ్ అనే ఓడ కూడ ఈ పరీక్షకు గురి అయిన ఓడలలో ఒకటి. రసాయనశాస్త్రము గెలిచినది: రాగి అరగడము నిజముగానే తగ్గినది. ఓడ మాత్రము ఓడినది: అరగని రాగి మీద నాచు, గుల్లలు విజృంభించినవి. కారణము తరువాత స్పష్టమైనది. రాగి కొద్దికొద్దిగా నీటిలో కరిగి విషమై ఉండబట్టే ఆ జీవులు దగ్గరకు రాలేదు. కరగడము ఆపితే కాపాడడమును ఆగిపోతుంది. కొన్ని సంవత్సరములలోనే ఆ ఇనుప ముక్కలను తీసివేసినారు.

ఈ ఉదంతమును మేము కొంత విస్తరముగా చెప్పడానికి కారణమున్నది. పడవ అడుగు రక్షణ అంతయు ఈ ఒక్క సత్యములో ఇమిడి ఉన్నది. కాపాడే పొర తాను ఖర్చు అయిపోతూ కాపాడుతుంది. ఎప్పటికిని పోని పూత ఉంటే అది గుల్లను ఆపే పూత కాదు. నేడు బజారులో అమ్మే గుల్ల నిరోధక రంగులలో ఎక్కువ భాగము రాగి భస్మము గలవే. రేకు పోయి రంగు వచ్చినది, సూత్రము మారలేదు.

ఇప్పుడు ఉప్పునీటిని విడిచి తెనాలికి వద్దాము. విజయవాడ వద్ద కృష్ణకు ఆనకట్ట 1852లో ఆరంభమై 1855లో పూర్తి అయినది. దాని వలన పుట్టిన కాలువలు పంటతోబాటు పడవను కూడ తెచ్చినవి. తెనాలి పట్టణము గుండా మూడు కాలువలు పారుతున్నవి. దుగ్గిరాల నుండి సాగే కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద బకింగుహాము కాలువతో కలుస్తుంది. 1806లో మదరాసు వద్ద కొక్రేన్ కాలువగా మొదలై, 1876–78 కరువు కాలమున కూలిపనుల ద్వారా సాగి, గవర్నరు బకింగుహాము ప్రభువు పేరు వహించిన ఆ కాలువ పొడవు సుమారు 420 కిలోమీటర్లు. ఒకప్పుడు కాకినాడ నుండి మదరాసు దాటి దక్షిణమున మరక్కాణము వరకు పడవ ప్రయాణము సాధ్యమయ్యేది. ధాన్యము, ఉప్పు, కట్టెలు, మనుషులు ఆ దారిన సాగినారు.

ఈ ప్రయాణములో పెదగంజాము ఒక గడపవంటిది. అంతవరకు పడవ కృష్ణ మంచినీటిలో వస్తుంది. అక్కడనుండి సముద్రపు ఆటుపోట్లు తగిలే ఉప్పునీటిలో పోతుంది. మంచినీటి పడవకు పురుగు భయము లేదు. దానికి వచ్చే జబ్బులు వేరు. బల్ల నానడము, కుళ్ళడము, ఎండకు ఆరినప్పుడు బల్లలు కుంచించుకొని సందులు విడిపోవడము. వీటికి మందు సందులలో పీచు దట్టించడము, తారు గాని గుగ్గిలము నూనెలో మరిగించిన పూత గాని పట్టించడము. వేసవిలో కాలువలు కట్టివేసే రోజులు పడవలవారికి మరమ్మతుల రోజులు. ఎండిన కాలువగట్టున బోర్లించిన పడవ, ప్రక్కన పొయ్యి మీద మరుగుతున్న తారు – డెల్టా గ్రామములలో పెరిగిన పెద్దలకు ఈ దృశ్యము, ఆ వాసన జ్ఞాపకము ఉండకపోదు. రైలు, లారీ వచ్చిన తరువాత కాలువ పడవకు పని తగ్గినది. తుపానులకు బకింగుహాము కాలువ పూడిపోయినది. 1977 నవంబరు 19న దివిసీమను, రేపల్లె, బాపట్ల తీరమును ముంచిన ఉప్పెనలో మనుషులే వేల సంఖ్యలో పోయినారు. పడవల లెక్క చెప్పేదెవరు?

ఆ ఉప్పెన తరువాతి దశాబ్దములలో మన తీరపు పడవ స్వరూపమే మారిపోయినది. గాజును వేడిచేసి దారముగా తీసి, ఆ దారపు చాపను రసాయన బంకలో తడిపి, అచ్చు మీద పొరలు పొరలుగా వేసి పడవ చేసే విద్య 1940 ప్రాంతమున అమెరికాలో ఆరంభమైనది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1979లో మదరాసు కేంద్రముగా స్థాపించిన బంగాళాఖాత మత్స్య కార్యక్రమము ఇసుక తీరమున దిగగల పడవలను రూపొందించి ఆంధ్రతీరమున కూడ పరీక్షించినది. పెద్ద మ్రాను దొరకడము కష్టమై, ధర పెరిగిన కొలదీ బెస్తవారు ఫైబరు పడవ వైపు మొగ్గినారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి వేలకొలది పడవలను ధ్వంసము చేసినది. సహాయముగా వచ్చిన పడవలలో అత్యధికము ఫైబరువే. తొందరలో చేసినవి కావడము వలన వాటిలో నాసిరకము కూడ చేరినది. నేడు సూర్యలంక ఇసుక మీద చూచినను, నిజాంపట్నము ఉప్పుటేటిలో చూచినను ఫైబరు పడవలు వరుసలు తీరి కనబడుతున్నవి. వాటిలో చాల భాగము చేతులు మారిన పాత పడవలు.

ఫైబరు వచ్చిన తరువాత ఒక నమ్మకము బలపడినది. దీనికి పురుగు పట్టదు, చెద పట్టదు, ఒకసారి కొంటే ఇక అడుగు చూడనక్కరలేదు అని. ఇందులో సగము నిజము. గాజుదారమును ఓడపురుగు తినలేదు. కాని గుల్లకు తిండితో పని లేదు. కూర్చోవడానికి గట్టి చోటు కావలెను. ఫైబరు దానికి చక్కని పీట. మరొకటి – ఫైబరుకు నీరు అంటదనుకోవడమును పొరపాటే. పైనున్న నున్నని పొర గుండా నీరు అతి సూక్ష్మముగా లోపలికి ఇంకుతుంది. బంకలో సరిగా కలియని పదార్థములను కరిగించి, ఆ ద్రవము మరింత నీటిని లోనికి లాగుకొంటుంది. కొన్నాళ్ళకు అడుగున పొక్కులు లేస్తవి. పొక్కును చిదిపితే పుల్లని వాసనగల నీరు వస్తుంది. మసూచికమువలె వ్యాపించిన ఈ పొక్కుల మీద రంగు పూస్తే రోగమును దుప్పటితో కప్పినట్లే.

కాబట్టి పాత ఫైబరు పడవకు అడుగు పూత మార్చడములో ఒక క్రమము ఉన్నది. పడవను పైకి తీసిన వెంటనే, గుల్లలు తడిగా ఉండగానే గీకివేయవలెను. ఆరితే అవి రాయి అవుతవి. తరువాత మంచినీటితో కడగవలెను. నూనె, మైనము ఉంటే ద్రావకముతో ముందుగా తుడవవలెను. ముందు రాపిడి పెడితే ఆ మైనము గీతలలోనికి దిగి కొత్త రంగును పట్టనీయదు. పాత రంగును గరుకు కాగితముతో తడిపి రుద్దవలెనే గాని పొడిగా రుద్దరాదు. ఆ ధూళిలో విషమున్నది. ముక్కునకు అడ్డు కట్టుకోవలెను. పొక్కులు, పగుళ్ళు తెరిచి, కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, ఎపాక్సీ ముద్దతో పూడ్చవలెను. ఆపైన ఎపాక్సీ అడ్డుపూత. చివర గుల్ల నిరోధక రంగు రెండు పూతలు. నీటిగీత వద్ద, ముక్కు వద్ద, చుక్కాని వద్ద నీటి ఒరపిడి ఎక్కువ గనుక అక్కడ మరియొక పూత అవసరము. అల్యూమినియము ఇంజను కాలునకు మాత్రము రాగి రంగు తగులరాదు. 1761లో అలార్మ్ మేకులకు పట్టిన గతియే దానికిని పడుతుంది. తుప్పును తన మీద వేసుకోవడానికి తగిలించిన తుత్తునాగపు ముక్కకును రంగు పూయరాదు. పూస్తే దాని పని అది చేయలేదు.

ఈ పనికి తీరిక ఎప్పుడు? తూర్పుతీరమున ప్రతి ఏటా ఏప్రిలు 15 నుండి జూన్ 14 వరకు 61 దినములు యంత్రపు పడవల వేట నిషిద్ధము. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ నియమము. వెనుకటి కాలువ పడవలవారికి వేసవి కట్టివేతవలె నేటి బెస్తవారికి ఇది మరమ్మతుల కాలము. పొక్కులు లేచిన అడుగు ఆరడానికి వారములు పడుతుంది గనుక ఈ రెండు నెలలు వరమనియే చెప్పవలెను. అయితే ఆదాయము లేని నెలలు కూడ ఇవే. పూత డబ్బు, ఇంటి ఖర్చు ఒకే సంచిలోనుండి రావలెను. గోడకు పూసే చవక రంగు కొనాలన్న శోధన అక్కడనే పుడుతుంది. దానిలో గుల్లను ఆపే గుణము లేదు. ఆదా అయిన సొమ్ము తరువాతి నెలలలో నూనె రూపమున పోతుంది.

మరొక వైపు అతి శక్తిమంతమైన రంగు కావాలన్న ఆశయు మంచిది కాదు. దీనికి ఇటీవలి చరిత్రయే సాక్ష్యము. 1960 దశకమున తగరముతో చేసిన ఒక రసాయనమును ఓడల రంగులలో కలపడము ఆరంభించినారు. గుల్లలకు అది యముడు. ఓడలవారు సంతోషించినారు. కాని ఫ్రాన్సు దేశమున ఆర్కషాన్ అఖాతములో పెంచే ఆల్చిప్పలు కొన్నేండ్లలో వికృతరూపములు దాల్చి, సంతానము లేక క్షీణించినవి. ఇతర తీరములలో ఆడ నత్తలకు మగ చిహ్నములు పుట్టుకొని వచ్చినవి. ఫ్రాన్సు 1982లో చిన్న పడవలకు ఆ రంగును నిషేధించినది. అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఆధ్వర్యమున 2001లో కుదిరిన ఒడంబడిక 2008 సెప్టెంబరు 17 నుండి అమలులోనికి వచ్చి ప్రపంచపు ఓడలన్నిటికి దానిని వారించినది. పడవను కాపాడే విషము పడవ దేనికోసము పోతున్నదో ఆ పంటనే చంపినది.

ఈ సంగతి ఫ్రాన్సుకంటె నిజాంపట్నమునకు ఎక్కువగా వర్తిస్తుంది. అక్కడి ఉప్పుటేరులు, మడ అడవులు రొయ్య పిల్లకు, పీత పిల్లకు పురుటిల్లు. గీకిన పాత రంగు గట్టున పడితే మొదటి వానకు ఏటిలోనికి చేరుతుంది. పడవ క్రింద ఒక పాత టార్పాలిన్ పరచి, ఆ పొట్టును కూడదీసి, నీరు తగులని చోట వేయడానికి పెద్ద ఖర్చు లేదు. రేవులో ఒక ఉమ్మడి స్థలము దీనికి కేటాయిస్తే ఇంకను మేలు. వేట నిషేధము పాటించి గుడ్డును కాపాడి, అదే నెలలో రంగు పొట్టుతో పిల్లను చంపుకొనడము వివేకము కాదు.

ఇక ప్రతి పడవకును విషపు రంగు అవసరమా? కాదు. సూర్యలంకవలె రోజూ ఒడ్డెక్కే పడవ మీద గుల్ల నిలువదు. ఎండ, గాలి దానిని చంపుతవి. దానికి కావలసినది ఇసుక ఒరపిడిని ఓర్చుకొనే గట్టి పూత. కాలువ మంచినీటిలో తిరిగే పడవకు గుల్ల భయము మొదలే లేదు. నీరు ఇంకకుండ ఆపే అడ్డుపూత చాలును. ఉప్పుటేటిలో రాత్రింబవళ్ళు నిలిచే పడవకే గుల్ల నిరోధక రంగు నిజముగా అవసరము. మన కుట్టుపడవలవారు, కాలువ పడవలవారు, లంగరు ఓడలవారు ఈ తేడాను అనుభవము వలన తెలిసికొని ఎవరి పద్ధతి వారు ఏర్పరచుకొన్నారు. మూడు నీళ్ళలోను ఫైబరు పడవ ఒక్కటే తిరగడము వలన ఆ తేడా మరుగున పడినది. అంగడివాడు ఇచ్చిన డబ్బా ఏదైతే అది పూయడము అలవాటైనది. పడవ తిరిగే నీరేదో, అది రాత్రి ఎక్కడ నిలుస్తుందో చెప్పి రంగు అడిగి తీసికొంటే డబ్బు మిగులుతుంది, నీరు మిగులుతుంది.

మార్కో పోలో చూచిన ఓడకు ఆరు వరుసల బల్లలు. గ్లోబ్ కాలపు ఓడకు తారు, వెంట్రుకలు. అలార్మ్‌కు రాగి రేకు. కాలువ పడవకు గుగ్గిలము. ఫైబరుకు ఎపాక్సీ, రాగి భస్మము. వస్తువులు మారినవి గాని ఏ పూతయు శాశ్వతము కాలేదు; కానేరదు. ఏటేటా పడవను పైకి తీసి, బోర్లించి, అడుగు చూచుకొని, అరిగినంత తిరిగి పూసే శ్రద్ధయే అన్నిటికంటె దిట్టమైన పూత. వచ్చే వేసవిలో మన రేవులలో ఈ పని జరిగేటప్పుడు పూసే రంగునకు ఎంత ఆలోచన పెడతామో, గీకే రంగునకును అంత ఆలోచన పెట్టవలెనని మా మనవి.